వరండాలో ఎవరూ లేరు

దెయ్యాలంటే నాకు భయం లేదు. శవాలంటే అసలే లేదు. నర్సు పనిలో తల పండిపోతున్నదాన్ని. శవాన్ని తుడిచి, దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని వెళ్ళి భోజనం చేసిన రోజులున్నాయి. అలాంటిదాన్ని, ఈ పరాయి దేశపు ఆస్పత్రిలో చేరిన కొత్తలో వార్డు తలుపు తోయాలంటే అరచేతులకి చెమటలు పట్టేవి. ఎందుకంటారా? ఆ వార్డులో ఎవరూ ఏడవరు.

నవ్వకండి. అక్కడ నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది. పొడుగాటి వరండా, మెరిసిపోయే నేల, రెండు వైపులా మూసిన తలుపులు. ఒక్కో తలుపు వెనక ఒక్కో మనిషి, ఒంటరిగా. మా దగ్గర ఒక పేషెంటు చేరితే వెనకాల డజనుమంది దిగుతారు. మంచం కింద చాపలు, క్యారేజీలు, కిటికీకి ఆరేసిన తువ్వాళ్ళు, "సెలైను అయిపోతోంది సిస్టరూ!" అని కేకలు పెట్టే తోడల్లుడు, తలదగ్గర కూర్చుని అయినవాళ్ళనీ కానివాళ్ళనీ కలిపి తిట్టిపోసే మేనత్త. "ఇది ఆస్పత్రా, పెళ్ళివారి విడిదా? నడవండి బయటికి!" అని అరిచి అరిచి నా గొంతు అరిగిపోయింది. ఇక్కడ అరుద్దామంటే మనిషి లేడు. సాయంత్రం ఓ కొడుకు వస్తాడు, కుర్చీ అంచున కూర్చుంటాడు, టైమయ్యాక తలాడించి వెళ్ళిపోతాడు. ఆ నిశ్శబ్దంలో నా చెప్పుల చప్పుడుకి నేనే ఉలిక్కిపడేదాన్ని.

నాతో ఒకే గదిలో అద్దెకుండే ఆవిడ మన భాష మనిషే, నాకంటే చాలా ముందొచ్చిన నర్సు. నోరు తెరిస్తే రూలే రాలుతుంది కాబట్టి నేను రూల్సక్క అంటాను. నా గోడంతా విని, "మొదట్లో నాకూ ఇంతే. ఎప్పుడు చూసినా కడుపులో దడ. వేళకి తిను, వేళకి పడుకో, తెలియనిది సిగ్గుపడకుండా అడుగు. కొన్నాళ్ళకి అదే అలవాటైపోతుంది," అంది.

"అలవాటయ్యేలోపు గుండాగి చస్తానేమో అక్కా."

"చస్తే చద్దువుగానీ, డ్యూటీలో ఉన్నప్పుడు చావు. మోసే శ్రమ తప్పుతుంది," అంది. చూడండి ఆవిడ ఓదార్పు!

వరండా చివరి గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయింది. ఒక్కతే కూతురు, రైల్లో ఒక పూట ప్రయాణం దూరంలో ఓడరేవులో క్రేను నడుపుతుంది. ఇక్కడ అందరూ అందర్నీ పేరు పెట్టి పిలుస్తారు. డెబ్బై దాటిన మనిషిని ఒట్టి పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. పైకి సార్ అని, మనసులో డ్రైవరు తాత అనుకునేదాన్ని. ఆయనకి చిరాకు. "నేను సార్‌ని కాను. సార్లెప్పుడూ నా బస్సెక్కలేదు," అనేవాడు. గుండె పూర్తిగా దెబ్బతింది, కాళ్ళనిండా నీరు, నాలుగు మాటలకోసారి ఆయాసం. అయినా నన్ను చూస్తే వేళాకోళం ఆడకుండా వదిలేవాడు కాదు. "ఏమ్మా, ఇవాళ కూడా పిల్లిని చూసిన ఎలుకలాగే వచ్చావా?" అనేవాడు. ఆ వార్డు మొత్తంలో నాకు భయం వేయని గది అదొక్కటే.

ఆ గదిలోనే ఒకరోజు నా పైప్రాణాలు పైనే పోయాయి. డాక్టరమ్మ వచ్చింది. నాకంటే చిన్నపిల్ల. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూస్తూ, "మందులు పనిచేయడం లేదు. ఈ జబ్బు నయం కాదు. దీంతోనే మీరు చనిపోతారు. ఎప్పుడన్నది ఇప్పుడే చెప్పలేను. తెలిసిన రోజున దాచను," అంది. నేను మందుల ట్రే పట్టుకుని పక్కనే ఉన్నాను. ట్రేలో సీసాలు గలగలమన్నాయి. మనిషి మొహం మీద అనే మాటేనా అది? దీనికి తల్లీ తండ్రీ లేరా? ముసలాయన గుండె ఇక్కడికిక్కడే ఆగిపోతుందనుకున్నాను. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత, "చెప్పినందుకు థాంక్స్," అన్నాడు.

దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. వీళ్ళవి గుండెలా, బండరాళ్ళా? రేపు నాకే ఏదైనా జబ్బొస్తే ఈ కుర్చీ ఇలాగే లాక్కుని కూర్చుంటారు కదా నా ముందు!

మా దగ్గర ఇలా ఉండదు. రోగితో ఎవరైనా అనే మాట ఒకటే: ఏం కాదు. డాక్టరంటాడు, నర్సంటుంది, ఆయా అంటుంది, పలకరించడానికొచ్చిన పక్కింటాయన అంటాడు. అసలు మాట వరండాలో ఉంటుంది. పెద్దకొడుకుని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి చెప్తారు. ఆ కొడుకు కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి, "ఏం కాదు నాన్నా," అంటాడు. ఈలోపు ఫోన్లు వెళ్ళిపోతాయి, రావలసినవాళ్ళంతా బస్సులెక్కేస్తారు. వచ్చి, ఊరికే చూసిపోదామని వచ్చాం అంటారు. ఊరికే ఎవరూ రారని రోగికీ తెలుసు. తెలిసినా బయటపడడు.

తర్వాత కొన్నాళ్ళకి, ఒక పొద్దున డ్యూటీకి రాగానే డ్రైవరు తాత రక్తపరీక్ష చూశాను. ఏమీ బాగాలేదు. డాక్టరమ్మ కూడా చూసి, "నేను వచ్చి మాట్లాడతాను," అంటుండగానే పక్క బిల్డింగు నుంచి ఎమర్జెన్సీ అని పిలుపొచ్చి వెళ్ళిపోయింది.

నేను గదిలోకి వెళ్ళేసరికి ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహంలో వేళాకోళం లేదు.

"పరీక్ష వచ్చిందా?"

"వచ్చింది సార్."

"మా అమ్మాయి స్టేషన్లో ఉంది. ఓడ సరుకు దింపే పనుంది దానికి. వారం ఆఖర్లో వస్తానంది గానీ, నా గొంతు విని కంగారుపడి పొద్దుటి రైలుకే టికెట్ కొనేసింది. నువ్వు చెప్పు. ఇప్పుడే రమ్మననా? నాకేమైనా అవుతుందా?"

దుప్పటి అంచుని రెండు చేతులా పిసుకుతున్నాడు. భయపడ్డ ముసలి మొహం ఏ దేశంలోనైనా ఒకేలా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ మొహం చూసి నేను అనగలిగింది ఒక్కటే. భాష వాళ్ళది, మాట మనది.

"ఏం కాదు సార్. మీకేం కాదు. కంగారు పడకండి."

ఆయన భుజాలు కిందికి దిగాయి. మొహంలోకి రంగొచ్చింది. నాకెంత హాయిగా అనిపించిందో! ఈ దేశానికొచ్చాక మొదటిసారి ఒక మనిషికి పనికొచ్చాననుకున్నాను. ఆయన నా ముందే ఫోన్ తీశాడు. "నర్సుని అడిగానమ్మా. నాకేం కాదంది. ఆఁ, నిజంగానే. ఆవిడే చెప్పింది. నువ్వు పని ముగించుకుని వారం ఆఖర్లోనే రా," అన్నాడు.

నా చేతిలో థర్మామీటరు చేతిలోనే ఉండిపోయింది. నమ్మేశాడు! తండ్రీ నమ్మాడు, కూతురూ నమ్మింది! మా దగ్గరైతే నర్సు ఏం కాదు అందంటే కూతురన్నది ఆ నిమిషమే రైలెక్కుతుంది. వీళ్ళు ఆ మాటని మాట ప్రకారమే తీసుకున్నారు. అసలు మాట ఎవరికైనా చెప్పాలి కదా? తలుపు తీసి వరండాలోకి చూశాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎవరూ లేరు.

పోనీలే, డాక్టరమ్మ వచ్చి చెప్తుంది కదా అని మనసుకి సర్దిచెప్పుకుని, ఒళ్ళు తుడుద్దామని వేడినీళ్ళు తెచ్చాను. దుప్పటి తీశాను. పాదాలు చల్లగా ఉన్నాయి. మోకాళ్ళ మీద ఊదారంగు మచ్చలు, వల పరిచినట్టు. మూత్రం సంచిలో అడుగున నాలుగు చుక్కలు. ఈ గుర్తులు చదవడానికి ఏ భాషా రానక్కర్లేదు. వారం ఆఖరు కాదు, రేపటి పొద్దు చూస్తాడో లేదో.

పొద్దుటి రైలు వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఇంకోటుంది. అదీ పోతే మళ్ళీ రేపే. రేపటికి ఆ పిల్ల వచ్చి చూసేది తండ్రిని కాదు. వద్దన్నది ఎవరు? నేను.

దుప్పట్ల గదిలోకి దూరి రూల్సక్కకి ఫోన్ చేశాను. విషయమంతా చెప్పాను.

"అక్కా, కూతురి నంబరు కంప్యూటర్లో ఉంది. చప్పుడు చేయకుండా నేనే ఫోన్ చేసి రమ్మని చెప్పేస్తా."

"చంపేస్తా! ఆయన ఒప్పుకోకుండా ఆయన సంగతి కూతురికైనా చెప్పకూడదు. నీ ప్రొబేషన్ కూడా అవ్వలేదు. తెలిసిందంటే ఉద్యోగం హుళక్కి, పెట్టె సర్దుకోవడమే."

"మరేం చెయ్యను? ముందు నుయ్యి, వెనక గొయ్యి!"

"ఆయన నిన్ను అడిగాడు, నువ్వు చెప్పావు. ఇప్పుడు ఆయనకే చెప్పు."

"మొహం మీదా? మీరు చావబోతున్నారనా? అక్కా, నా జన్మలో ఆ మాట అనలేదు. నా నోటితో నేనెలా అంటాను?"

"కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోలేమంటారు కదా. నువ్వు తీసుకోవాలి. వెళ్ళు," అని పెట్టేసింది.

మా వార్డు ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నవ్వదు, కోప్పడదు, మనిషి మాత్రం తాటిచెట్టు. నేను పొడుగమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ ముందు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డానంటే ఎలా, దొంగైతే నోరు మూసుకుంటాడు, నేను మొత్తం కక్కేశాను. ఆవిడ డాక్టరమ్మకి ఫోన్ చేసింది. కాసేపు మాట్లాడి పెట్టేసింది.

"డాక్టరు మధ్యాహ్నం దాకా అక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదట. నువ్వు చూసింది నిజమేనంటోంది. ఎక్కువ సమయం లేదు."

"మీరు వెళ్ళి చెప్పండి మేడమ్. కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ నా వైపు వింతగా చూసింది. "నేను చెప్పగలను. కానీ పొద్దున ఒకరు ఒకటి చెప్పి, ఇప్పుడు ఇంకొకరు ఇంకోటి చెప్తే ఆయన ఎవర్ని నమ్మాలి? ఉన్న కాస్త సమయం దానికే సరిపోతుంది. ఆయన నమ్మింది నిన్ను. నువ్వే చెప్పాలి. నేను తలుపు దగ్గర ఉంటాను."

"నా ఉద్యోగం..." అని నసిగాను.

"అది రేపు మాట్లాడదాం. రైలు ఇవాళ కదా," అంది.

వరండా అంత పొడుగుందని ఆ రోజే తెలిసింది. వెనక్కి తిరిగి పరుగెత్తి, మెట్లు దిగి, వీధిలో పడి, మా ఇంటిదాకా పరుగెత్తుకు పోవాలనిపించింది. అమ్మా, నువ్వు నన్ను నర్సింగులో ఎందుకు చేర్పించావే అని లోపల్లోపల ఏడుస్తూనే తలుపు తోశాను.

డాక్టరమ్మలాగే కుర్చీ లాక్కున్నాను. కుర్చీ కోడు నేలకి రాసుకుని కీచుమంది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏంటమ్మా ఆ మొహం? ఎవరైనా పోయారా?"

తలుపు దగ్గర పొడుగమ్మ గోడలా నిలబడి ఉంది.

"సార్, పొద్దున నేను చెప్పింది నిజం కాదు."

ఆయన నవ్వు అలాగే ఆగిపోయింది.

"పరీక్ష బాగాలేదు. మీ ఒంట్లో గుర్తులు కూడా చూశాను. సమయం చాలా తక్కువ ఉంది. ఇవాళో, రేపో. మీ అమ్మాయిని పిలవండి. మధ్యాహ్నం రైలుంది."

ఒక్కో మాటకీ నా గొంతు నాకే వినపడనంత తగ్గిపోయింది. ఆయనకి మాత్రం అన్నీ వినపడ్డాయి.

"మరి పొద్దున అలా ఎందుకు చెప్పావు?"

"మీరు భయపడకూడదని."

"భయపడకూడదనా!" గొంతు లేచింది, వెంటనే దగ్గు తెర కమ్మింది. నేను వీపు నిమరబోతే చెయ్యి తోసేశాడు. "భయపడే కదమ్మా నిన్ను అడిగింది! ధైర్యంగా ఉన్నవాడు అడుగుతాడా? నీ మాట నమ్మి నా బిడ్డని స్టేషన్లోంచి వెనక్కి పంపాను!"

"అవును సార్."

"అవునంటావేం!"

నేనేం అనను? తలొంచుకుని కూర్చున్నాను. తిట్టనీ, కొట్టనీ, గదిలోంచి పొమ్మననీ. ఆయన ఆయాసం తగ్గేదాకా కళ్ళు మూసుకుని, "ఫోనివ్వు," అన్నాడు.

ఆయన వేళ్ళు పట్టు తప్పుతుంటే నేనే నంబరు కలిపి చేతిలో పెట్టాను. అటువైపు కూతురి గొంతు వినపడింది. వెనకాల యంత్రాల రొద.

"ఏమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నాడాయన. "ఆఁ, బాగానే ఉన్నాను. తిన్నాను. లేదు, ఏం లేదు, ఊరికే చేశాను..."

నేను తెల్లబోయాను. చావు సంగతి మొహం మీద చెప్తే థాంక్స్ అన్న మనిషి! వీళ్ళకి ఇదంతా మంచినీళ్ళ ప్రాయమనుకున్నానే! కన్నకూతురి గొంతు వినేసరికి ఆయన నోటికి మా ఊళ్ళో మాటలే వస్తున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. చివరికి ఫోన్ నా వైపు చాపాడు.

"నా వల్ల కాదు. నువ్వు చెప్పు."

పొడుగమ్మ వైపు చూశాను. తలూపింది. ఫోన్ తీసుకున్నాను.

"నేను నర్సుని మాట్లాడుతున్నాను. మీరు వెంటనే బయలుదేరి రావాలి."

"పొద్దున ఏం కాదన్నారు కదా!"

"నేను తప్పు చెప్పాను. మధ్యాహ్నం రైలు అందుకోండి."

అటువైపు యంత్రాల రొద ఆగిపోయింది. ఆ పిల్లే ఆపినట్టుంది.

"నాన్న చనిపోతున్నాడా?"

వరండాలోకి వెళ్ళి చెప్పే మాట అది. కానీ ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా. ఇప్పుడు కూడా ఏదో ఒకటి చుట్టుతిప్పి చెప్పి తప్పించుకోవచ్చు. తప్పించుకుంటే రైలు పోతుంది.

"అవును," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. ఇందాక తోసేసిన చెయ్యే.

డ్యూటీ ముగిసింది. నేను వెళ్ళలేదు. పొడుగమ్మ వచ్చి, డ్యూటీ అయిపోయాక పేషెంటుని ముట్టుకుని ఏ వైద్యమూ చేయకూడదని రూలు చెప్పింది. "ఏమీ చెయ్యను, ఊరికే కూర్చుంటాను," అన్నాను. "అయితే బ్యాడ్జీ తీసేసి కూర్చో," అంది. డాక్టరమ్మ వచ్చి చూసి, ఆయాసం తగ్గడానికి మందిచ్చి వెళ్ళింది. ఉద్యోగం సంగతి నాకు అప్పుడు గుర్తు కూడా లేదు. నా ప్రాణమంతా ఆయన ఊపిరి మీదుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. ఒక్కోసారి ఆగిపోయిందనుకుని నేను సగం లేచేదాన్ని. అంతలో మళ్ళీ ఛాతీ కదిలేది. మొక్కని దేవుడు లేడు. ఏ దేవుడికి ఈ ఊరు తెలుసో కూడా నాకు తెలియదు.

ఎండ కిటికీ దాటి గోడ మీదికి పోయింది. ఆయన కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"నన్ను అందుకుంటుందా?"

నాలుక చివరిదాకా వచ్చేసింది. అందుకుంటుంది సార్, ఎందుకు అందుకోదు, నిక్షేపంగా అందుకుంటుంది. అనేస్తే ఆయనకీ హాయి, నాకూ హాయి. పళ్ళు బిగపట్టి మింగేశాను.

"తెలియదు సార్. రైలెక్కానని ఫోన్ చేసింది. దార్లో ఉంది."

ఆయన తల కాస్త ఊపాడు. "నాకు భయంగా ఉందమ్మా," అన్నాడు.

"నాకూ భయంగానే ఉంది సార్," అన్నాను. వేరే ఏం చెప్పను? అదొక్కటే నిజం. ఆయన నవ్వాడో, మూతి అలా వంకరపోయిందో తెలియదు గానీ, నా మణికట్టు మాత్రం వదల్లేదు.

దీపాలు వెలిగే వేళకి వరండాలో బూట్ల చప్పుడు వినపడింది. ఆ వరండాలో ఎవరూ పరుగెత్తగా నేను వినలేదు. ఆయన వేళ్ళు మెల్లగా విడిపించుకుని బయటికొచ్చాను. కూతురు నూనె మరకల పని బట్టలతోనే వచ్చేసింది. ఆ ఎత్తు, ఆ దవడ, అచ్చం ఆయనే. నన్ను చూసి ఆగిపోయింది.

"ఏం కాదన్న నర్సు ఎవరు?"

"నేనే."

"రమ్మని చెప్పింది?"

"అదీ నేనే."

కొడుతుందనుకున్నాను. కొడితే పడదామనే నిలబడ్డాను. ఆ పిల్ల తలుపు పిడి మీద చెయ్యి వేసింది. వేసి, తీసేసింది. మళ్ళీ వేసింది. ఓడల మీంచి టన్నుల బరువులెత్తే చెయ్యి, ఆ పిడి తిప్పలేకపోతోంది.

"నువ్వూ లోపలికి రా," అంది నా వైపు చూడకుండా. "నాకు భయంగా ఉంది."

పిడి మీదున్న ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి తలుపు తీశాం. "నాన్నా," అంది ఆ పిల్ల. ఆయన తల ఇటు తిప్పాడు.